స్కోడా అంటే టర్బైను కదరా

లింగంపల్లి రోడ్డు మీద మా నాన్న మొదటిసారి స్కోడా కారు చూసిన రోజు నాకు బాగా గుర్తు. 2002 అయ్యుంటుంది. తెల్లటి ఆక్టేవియా, కొత్తది, సిగ్నల్ దగ్గర ఆగి ఉంది. నాన్న స్కూటర్ పక్కకి తీసి, కారు ముందు భాగం మీదున్న రెక్కల బాణం గుర్తుని వంగి చూశారు. లోపల కూర్చున్నాయన ఏమనుకున్నాడో పాపం.

"ఒరేయ్, ఇది మన స్కోడా గుర్తురా. స్కోడా అంటే టర్బైను కదరా, కారెప్పుడు చేశారు వీళ్ళు?"

నాన్న రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లో ఆర్టిజన్‌గా చేరి అక్కడే రిటైరయ్యారు. ఆ ఫ్యాక్టరీ 1960ల్లో చెకొస్లొవేకియా సహకారంతో వచ్చింది. డ్రాయింగులు వాళ్ళవే, మొదట్లో నేర్పించినవాళ్ళూ వాళ్ళే. ఇప్పటికీ ఆ డ్రాయింగుల మూలన రెక్కల బాణం కళ్ళకి కట్టినట్టుంటుందనేవారు నాన్న. చెక్ ఇంజనీర్ల దగ్గర నేర్చుకున్న నాలుగు మాటలు ఆయనకి జీవితాంతం నోట్లో ఆడుతూనే ఉన్నాయి. పొద్దున డ్యూటీకి వెళ్ళేటప్పుడు గుమ్మంలో నిలబడి "దొబ్రీ దెన్" అనేవారు. నమస్కారం లాంటిదే. అమ్మ మాత్రం "పిల్లల ముందు ఏంటా పాడు మాటలు" అని కసురుకునేది. మేం మూతి మూసుకుని నవ్వేవాళ్ళం.

అందుకని 2003 అక్టోబర్లో నాకు ఉద్యోగం మీద చెక్ దేశంలోని బ్రనో వెళ్ళే అవకాశం వస్తే, నా కన్నా ఆయనే ఎక్కువ పొంగిపోయారు. అమెరికా కాదు, లండన్ కాదు, మా చుట్టాలెవరూ పేరు కూడా వినని ఊరు. "మంచివాళ్ళురా. బీరు ఎక్కువ తాగుతారు, పని మాత్రం ఖచ్చితం" అన్నారు. ఆయనెరిగిన దేశం అప్పటికి పదేళ్ళ కిందటే చెక్, స్లొవాక్ అని రెండు ముక్కలైందని ఆయనకి తెలుసు, కానీ నోటికి చెకొస్లొవేకియా అనే వచ్చేది.

బ్రనోలో నేనొక ముసలావిడ ఇంట్లో గది అద్దెకి తీసుకున్నాను. మన హౌసింగ్ బోర్డు ఫ్లాట్లలాగా, కాంక్రీటు పలకలు ఒకదానికొకటి అతికించి కట్టిన ఎనిమిదంతస్తుల బిల్డింగు. వాటిని పానెలాక్ అంటారు. ఆవిడ ఊరి అంచున ఒక మెషిన్ల ఫ్యాక్టరీలో డ్రాయింగ్ సెక్షన్లో పనిచేసి పెన్షన్ మీద ఉండేది. భర్త పోయాడు. పెన్షన్లో హీటింగు, కరెంటు బిల్లులు పోగా మిగిలేది చాలక గది అద్దెకిచ్చింది. నేను ఆవిణ్ణి పానీ అనేవాణ్ణి, మన అమ్మగారు లాంటి మాట. ఆవిడ నన్ను "పానే ఇంజెనీరె" అని పిలిచేది, అంటే ఇంజనీరుగారూ అని. అక్కడ చదువుకున్నవాణ్ణి డిగ్రీ పేరుతో పిలవడం మర్యాద. నేను ఇంజనీరునో కాదో ఆవిడ అడగలేదు, నేనూ చెప్పలేదు.

మొదట్లో మా మాటలన్నీ చేతులతోనే. ఆవిడకి వచ్చిన పరాయి భాష బళ్ళో బలవంతాన నేర్చుకున్న రష్యన్. నేను సాయంత్రం క్లాసులకి పోయి ముక్కలు ముక్కలుగా చెక్ నేర్చుకున్నాను. ఆ ఊళ్ళో ట్రామ్‌ని షాలినా అంటారు. ప్రాగ్ వాళ్ళకి కూడా నవ్వొచ్చే మాట అది. నాకేమో ప్రతిసారీ షాలిని అనే అమ్మాయి కోసం స్టాపులో ఎదురుచూస్తున్నట్టు ఉండేది.

ఆవిడ దగ్గర ఒక బిస్కెట్ల రేకు డబ్బా ఉండేది. శీతాకాలం రాత్రుళ్ళు, ఐదింటికే చీకటి పడిపోతుంది కదా, టీవీలో ఏమీ లేకపోతే ఆ డబ్బా తీసేది. నేను చెక్ నేర్చుకున్నది సగం క్లాసులోనైతే సగం ఆ డబ్బాలో.

అందులో మొదట చూపించింది ఒక నోటు. పాత చెకొస్లొవేకియా కొరునా, దాని మీద చిన్న స్టాంపు అంటించి ఉంది. 1993 జనవరి ఒకటిన దేశం రెండయ్యాక, ఫిబ్రవరిలో డబ్బు కూడా రెండు చేశారు. కొత్త నోట్లు అచ్చయ్యేదాకా ఆగలేక, పాత నోట్ల మీద స్టాంపులు అంటించి ఇది చెక్ నోటు, అది స్లొవాక్ నోటు అని విడదీశారు. ఆవిడ చెల్లెలు బ్రటిస్లావాలో ఉండేది, రైల్లో గంటన్నర దూరం. "డిసెంబర్లో చెల్లెలింటికి పోయాను. ఫిబ్రవరిలో విదేశానికి పోయాను. అదే రైలు, అదే చెల్లెలు" అంది. ఆ విడిపోవడం మీద చెక్ ప్రధాని క్లాస్, స్లొవాక్ ప్రధాని మెచియార్ ఇద్దరూ కూర్చుని మాట్లాడుకున్న ఇల్లు బ్రనోలోనే ఉంది, విల్లా తుగెన్‌ధాత్. 1992 ఆగస్టులో. జనాన్ని ఓటు అడగలేదు. ఆ విల్లా చాలా అందంగా ఉంటుందని అందరూ చెప్తారు. ఆవిడ మాత్రం ఎప్పుడూ లోపలికి పోలేదు.

డబ్బాలో రెండోది కూపన్ పుస్తకం. దీని గురించి కాస్త చెప్పాలి.

1989లో కమ్యూనిస్టు పాలన పోయాక, ప్రభుత్వం చేతిలో ఉన్న వేల ఫ్యాక్టరీలని ప్రైవేటుకి ఎలా ఇవ్వాలి? దేశంలో కొనే డబ్బున్నవాడు లేడు. నలభై ఏళ్ళుగా ఉండనివ్వలేదు మరి. పోలండ్ ఒకలా వెళ్ళింది, హంగరీ విదేశీ కంపెనీలకి అమ్మింది. చెకొస్లొవేకియా మాత్రం జనానికే పంచుతామంది. ముప్ఫై అయిదు కొరునాలు పెట్టి పుస్తకం, దాని మీద అంటించే వెయ్యి కొరునాల స్టాంపు. మొత్తం కలిపితే అప్పట్లో సుమారు వారం జీతం. దానికి వెయ్యి పాయింట్లు. ఆ పాయింట్లతో నచ్చిన కంపెనీలో వాటా అడగొచ్చు. 1992లో మొదటి విడత మొదలైంది. నాలుగు దశాబ్దాలు షేరు అనే మాటే తెలియనివాళ్ళు, టర్బైన్ల కంపెనీ మంచిదా, సారా బట్టీ మంచిదా అని వంటింట్లో కూర్చుని తేల్చుకోవాలి.

తేల్చుకోలేనివాళ్ళ కోసం ఫండ్లు పుట్టుకొచ్చాయి. మీ పాయింట్లు మాకివ్వండి, ఏడాది తర్వాత పెట్టినదానికి పదింతలు ఇస్తాం అని టీవీలో ప్రకటనలు. అప్పటిదాకా పుస్తకాలు కొనడానికి తటపటాయిస్తున్న జనం ఒక్కసారి పోస్టాఫీసుల ముందు బారులు తీరారు. మన దగ్గర చిట్టీల కంపెనీలు, టేకు చెట్ల కంపెనీలు గుర్తొచ్చాయా? నాకూ గుర్తొచ్చాయి.

ఆవిడ భర్త తన పుస్తకాన్ని అలాంటి ఫండు ఒకదానికి రాసిచ్చాడు. ఆవిడ మొండిది, తన పాయింట్లు తను పనిచేసే ఫ్యాక్టరీలోనే పెట్టింది. "నా డ్రాయింగులు నాకు తెలుసు, ఆ మెషిన్లు మంచివి" అనుకుందట. భర్త ఫండు తాలూకు డబ్బు ఎటు పోయిందో తెలియలేదు. ఆవిడ ఫ్యాక్టరీ సంగతి ఇంకా చిత్రం. కొత్త యజమానులు దాన్ని నడపలేదు, తవ్వేశారు. లోపలి నుంచి మెషిన్లు, భూములు, ఆర్డర్లు వేరే కంపెనీల పేరు మీదకి మళ్ళించి, బయటికి గోడలు మాత్రం నిలబెట్టారు. ఇది ఎంత మామూలైపోయిందంటే, చెక్ భాషలో దానికి మాట పుట్టింది: తునెలొవాని, సొరంగం తవ్వడం. పేపర్లో రోజూ కనపడే మాట. నేను క్లాసులో కాకుండా పేపర్లో నేర్చుకున్న మొదటి చెక్ మాట అదే.

"మరి మెషిన్లు నిజంగా మంచివేనా?" అని అడిగాను ఒకసారి.

"మంచివే. కొనేవాళ్ళు లేరంతే."

అది కూడా నిజమే. వాళ్ళ మెషిన్లలో ఎక్కువ భాగం సోవియట్ యూనియన్‌కి, తూర్పు దేశాలకి పోయేవి, లెక్కలు రూబుళ్ళలో. 1991 నుంచి డాలర్లలో కట్టాలన్నారు. మాస్కో దగ్గర డాలర్లు లేవు, ఆ ఏడాది చివరికి సోవియట్ యూనియనే లేదు. పశ్చిమాన అమ్ముకుందామంటే జర్మనీ మెషిన్లతో పోటీ. అదే ఏడాది జనవరి ఒకటిన ధరలు వదిలేశారు, ఏడాది తిరిగేసరికి సగానికి పైగా పెరిగిపోయాయి. ఆవిడ జీతం పెరగలేదు.

మన దగ్గరా ఆర్థిక సంస్కరణలు మొదలైంది 1991లోనే. నాన్న ఫ్యాక్టరీ నిలబడింది. బాలానగర్ వైపు మా బాబాయి పనిచేసే ఫ్యాక్టరీ నిలబడలేదు. ఆయన మూడేళ్ళు రోజూ టిఫిన్ డబ్బా పట్టుకుని గేటు దాకా పోయి వచ్చేవాడు, తాళం తీస్తారేమోనని. ఈ సంగతి నాకొచ్చిన చెక్‌లో ఆవిడకి చెప్పాను. టిఫిన్ డబ్బాలో ఏముండేదని అడిగింది. పప్పన్నం, ఆవకాయ అన్నాను. మూడేళ్ళూనా అంది.

2004 ఏప్రిల్‌కి ఊరంతా ఒకటే మాట: మే ఒకటిన యూరప్‌లో, అంటే యూరోపియన్ యూనియన్‌లో, చేరుతున్నాం. పది దేశాలు ఒకే రోజున. ముందు ఏడాది జూన్‌లో ఓటింగ్ అయింది, ఓటేసినవాళ్ళలో 77 శాతం సరే అన్నారు. కానీ సగం మంది కంటే కొంచెమే ఎక్కువగా ఓటుకి వచ్చారు. మా పానీ వేసింది. ఏది వేసిందో చెప్పలేదు.

యూరప్ అంటే ఆవిడకి ముందుగా అర్థమైంది చక్కెర. మే తర్వాత చక్కెర ధర పెరుగుతుందని పుకారు, పుకారు కాదు నిజమే. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి వంటింట్లో బల్ల కింద కిలో పొట్లాలు ఇటుకల్లా పేర్చి ఉన్నాయి. ఎండాకాలంలో నేరేడుపండు రంగు పళ్ళతో, ఆప్రికాట్లతో జామ్ పెట్టాలి కదా అంది. మనవాళ్ళు ఆవకాయ కోసం నూనె కొని పెట్టుకున్నట్టే. ఎస్తోనియాలో జనం, వ్యాపారులు ఎంత చక్కెర దాచారంటే, తర్వాత ఆ దేశం యూరోపియన్ యూనియన్‌కి కోట్ల యూరోల జరిమానా కట్టాల్సి వచ్చింది. జామ్ పెట్టుకునే దేశాల గురించి బ్రసెల్స్‌లో కూర్చున్నవాళ్ళకి ఏం తెలుస్తుంది!

రెండో దెబ్బ రమ్‌కి. అక్కడ తుజెమ్‌స్కీ రమ్ అని ఒకటి ఉంటుంది, దేశవాళీ రమ్ అన్నమాట. చెరకు లేని దేశం కాబట్టి బంగాళాదుంపల నుంచో, చక్కెర దుంపల నుంచో తీసిన సారాకి వాసన కలిపి చేసేవాళ్ళు. క్రిస్మస్ బిస్కెట్లలో అది పడకపోతే పండగే కాదు. చెరకు నుంచి రానిదాన్ని రమ్ అనకూడదని యూరప్ రూలు. సీసా అదే, వాసన అదే, లేబుల్ మీద మాత్రం తుజెమాక్ అని మారింది. ఆవిడ కొత్త సీసా తెచ్చి, మూత తీసి వాసన చూసి, "పెళ్ళయ్యాక ఇంటిపేరు మార్చుకుంది, అంతే" అంది.

మే ఒకటి శనివారం. ముందు రోజు రాత్రి ఊరి నడిబొడ్డున స్వేచ్ఛా చౌరస్తాలో జనం, పాటలు. ఆవిడ రానంది. "మే ఒకటికి ఊరేగింపుకి పోకపోతే ఫ్యాక్టరీలో పేరు రాసుకునే రోజుల్లో చాలాసార్లు పోయాను, ఇక చాలు" అంది. ఇన్ని రోజులుండగా మళ్ళీ మే ఒకటినే ఎందుకు ఎంచుకున్నారో అని విసుక్కుంది. నేను ఒక్కణ్ణే వెళ్ళాను. నాకేమో మే డే అంటే మా టౌన్‌షిప్ గేటు దగ్గర ఎర్ర జెండాలు, యూనియన్ వాళ్ళిచ్చే బూందీ పొట్లం. ఇక్కడ నీలం జెండాలు, పసుపు నక్షత్రాలు. తిరిగొచ్చేసరికి ఆవిడ ఇంకా మెలకువగానే ఉంది, ఫోన్లో చెల్లెలితో మాట్లాడుతోంది. "విడాకులు తీసుకున్న పదకొండేళ్ళకి ఇద్దరం మళ్ళీ ఒకే ఇంట్లో అద్దెకి దిగాం" అని నవ్వుతోంది.

ఆ వేసవిలో పిల్సెన్ వెళ్ళాను, నాన్న తరఫున యాత్ర. స్కోడా వర్క్స్ గేటు ముందు ఫోటో దిగి పంపాను. అప్పుడే నాకు పూర్తిగా తెలిసింది: టర్బైన్ల స్కోడా వేరు, కార్ల స్కోడా వేరు. యుద్ధానికి ముందు ఒకే గొడుగు కింద ఉండేవి, 1945 తర్వాత జాతీయం చేసినప్పుడు విడిపోయాయి. రెక్కల బాణం మాత్రం ఇద్దరికీ మిగిలింది. కార్ల కంపెనీని 1991లో ఫోక్స్‌వాగన్ తీసుకుంది, బాగుపడింది. అంతకుముందు దాని మీద యూరప్ అంతా జోకులే. స్కోడా విలువ రెట్టింపు కావాలంటే ఏం చెయ్యాలి, ట్యాంకు నిండా పెట్రోలు పొయ్యాలి, లాంటివి. పిల్సెన్ స్కోడా మాత్రం 1990ల చివర అప్పుల్లో మునిగింది. దాని టర్బైన్ల విభాగం ఆఖరికి 2009లో కొరియా వాళ్ళ దూసాన్ చేతికి వెళ్ళింది. ఆ వార్త నాన్నకి ఫోన్లో చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. "ట్రామ్‌లు చేస్తున్నారా ఇంకా?" అన్నారు. చేస్తున్నారన్నాను. "అయితే పర్లేదు."

బ్రనోలో రైల్వే స్టేషన్‌కీ బస్టాండుకీ మధ్య వాంకొవ్‌కా అని పాత ఇంజనీరింగ్ కర్మాగారం ఉండేది. 2005 మార్చిలో అది షాపింగ్ మాల్‌గా తెరుచుకుంది. ఇటుక గోడలు కొన్ని అలాగే ఉంచి పక్కన అద్దాలు వేశారు. ఆవిణ్ణి తీసుకెళ్ళాను. ఎస్కలేటర్ ఎక్కనంది. కింద నిలబడి పైకి చూసి, "ఇక్కడ క్రేను పట్టాలు ఉండుండాలి" అని చేత్తో గాల్లో గీత గీసి చూపించింది, డ్రాయింగ్ సెక్షన్ మనిషి కదా. తర్వాత ఒక షాపులో చవగ్గా దొరికిందని ఊలు కొనుక్కుంది. చాలా సంతోషపడింది కూడా. ఇది చెప్పకపోతే అబద్ధమవుతుంది. ఊళ్ళో పాత రోజులే బాగున్నాయనే ముసలివాళ్ళు చాలామంది ఉండేవాళ్ళు, ఆవిడ ఆ గుంపు కాదు. నారింజలకి, అరటిపళ్ళకి క్రిస్మస్ ముందు క్యూలో నిలబడిన సంగతి ఆవిడ మర్చిపోలేదు. ఏది మెరుగు అని ఎన్నిసార్లు అడిగినా ఒకటే జవాబు: "యాక్ ప్రో కోహో." ఎవరికి ఎలాగో.

ఆవిడకైతే ఎలాగో చెప్తాను. పొదుపు పుస్తకం ఉన్న బ్యాంకుని 2000లో వియన్నా వాళ్ళు కొన్నారు. డబ్బు భద్రం. కొడుకు వెల్డరు. మే ఒకటి తర్వాత పాత సభ్యదేశాల్లో బ్రిటన్, ఐర్లండ్, స్వీడన్ మాత్రమే కొత్తవాళ్ళని పనికి రానిచ్చాయి. ఆస్ట్రియా, జర్మనీ తలుపులు 2011 దాకా పూర్తిగా తెరవలేదు. వియన్నా మాకు నూట ముప్ఫై కిలోమీటర్లు. అతను సముద్రాలు దాటి ఐర్లండ్ పోయాడు. చెక్‌ల కన్నా పోలండ్ వాళ్ళు, స్లొవాక్‌లు చాలా ఎక్కువగా పోయారు, చెక్‌లు ఇల్లు కదలడానికి ఇష్టపడరు. అతను మాత్రం పోయాడు. అక్కడి నుంచి పంపిన డబ్బుతో ఆవిడ వంటింటికి కొత్త కిటికీలు పెట్టించింది. శీతాకాలం హీటింగు బిల్లు తగ్గింది. రాత్రి ఏడింటికి ఫోన్ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేది. మా అమ్మా అలాగే కూర్చుంటోందని నాకు తెలుసు, కాకపోతే మా ఇంట్లో అప్పుడు రాత్రి పదిన్నర.

నాకు వంట సరుకులు దొరికేది ఓలొమౌత్స్కా వీధి దగ్గర వియత్నాం వాళ్ళ బజార్లో. సోషలిస్టు రోజుల్లో ఫ్యాక్టరీల్లో పనికని తెప్పించినవాళ్ళు, ఫ్యాక్టరీలు మూతపడితే వెనక్కి పోకుండా బల్లలు వేసుకుని బట్టలు అమ్మడం మొదలుపెట్టారు. కొత్తిమీర, పచ్చిమిర్చి, పెద్ద బస్తా బియ్యం వాళ్ళ దగ్గరే. పెట్టుబడిదారీ వ్యాపారం ఆ దేశంలో అందరికన్నా ముందు వంటబట్టింది హో చి మిన్ దేశం వాళ్ళకే అని ఆవిడ అనేది, మెచ్చుకోలుగానే.

వియన్నా సంగతి ఒకటి మిగిలింది. యూరప్‌లో చేరిన రోజు నుంచీ ఆవిడ గుర్తింపు కార్డుతో అక్కడికి పోవచ్చు. నా భారతీయ పాస్‌పోర్టుకి మాత్రం ఇంకో వీసా కావాలి, సరిహద్దులో ఇంకా తనిఖీలు. ఆవిడ ఒక్కతే ఎన్నడూ వెళ్ళలేదు. 1989 డిసెంబర్లో దారులు తెరిచాక భర్తతో వెళ్ళిందట. ప్రభుత్వం అనుమతి కాగితం లేకుండా మొదటిసారి. బ్రనో సగం ఖాళీ అయి వియన్నా వీధుల్లో నిలబడింది అనేది. షాపుల అద్దాల ముందు నిలబడి చూడ్డమే, కొనడానికి షిల్లింగులు లేవు. ఇంటి నుంచి రీజెక్‌లు కట్టుకుపోయారు. పల్చగా కొట్టిన మాంసానికి బ్రెడ్ పొడి పట్టించి వేయించేవి, చెక్‌ల పులిహోర పొట్లం అనుకోండి. మరియాహిల్ఫర్ వీధి పక్కన బెంచీ మీద తిన్నారు. చలికి చేతులు కొంకర్లు పోయాయట.

2007 డిసెంబర్ 21న సరిహద్దు తనిఖీలు ఎత్తేశారు. అప్పటికి నా దగ్గర అక్కడి నివాస కార్డు ఉంది. మర్నాడు శనివారం. "పదండి పానే ఇంజెనీరె" అంది ఆవిడ, ముందు రోజు రాత్రే తయారైపోయి. మికులొవ్ దగ్గరికి వస్తుంటే అలవాటు కొద్దీ పాస్‌పోర్టు తీసి చేత్తో పట్టుకున్నాను. బస్సు వేగం తగ్గించింది, ఆగలేదు. గాజు గదుల్లో ఎవరూ లేరు, లైట్లు మాత్రం వెలుగుతున్నాయి. ఆవిడ వెనక్కి తిరిగి కిటికీలోంచి ఆ గదుల్ని కనపడినంతసేపూ చూసింది.

మరియాహిల్ఫర్ వీధిలో గంటన్నర తిరిగాం. బ్రనో మాల్‌లో ఉన్న షాపులే చాలావరకు. ఒక చోట కాఫీ పొడి ధర చూసి, యూరోలని కొరునాల్లోకి కాగితం మీద లెక్కవేసి, "మన ఊళ్ళో కన్నా ఇక్కడే చవక" అని నా వైపు చూసింది. రెండు ప్యాకెట్లు తీసుకుంది. కేఫ్‌లో కూర్చుందామన్నాను, నేనిస్తానన్నాను. బయట పెట్టిన ధరల బోర్డు చదివి తల అడ్డంగా ఊపింది.

బెంచీ వెతుక్కుని కూర్చున్నాం. సంచీలోంచి రెండు పొట్లాలు తీసింది. ఒకటి ఆవిడ రీజెక్. రెండోది నాకు, శనివారం నీసు ముట్టనని తెలుసు కదా, కాలీఫ్లవర్‌కి అదే బ్రెడ్ పొడి పట్టించి వేయించి తెచ్చింది. చల్లారిపోయి ఉంది. పక్కనే కాగితంలో ఉప్పు.

"ఈ బెంచీయేనా?" అని అడిగాను.

"అది ఇనుపది," అంది, నములుతూ. "ఇది నయం, చెక్కది."